గుమ్మడికాయ పుచ్చుకున్న సమీక్షకురాలు

ఆ రోజుల్లో అనగానే మీరు లాంతర్లూ ఎడ్లబళ్ళూ ఊహించుకుంటే తప్పు నాదే, నా వయసు అలాంటిది. కానీ నేను చెప్పబోయే ఆ రోజుల్లో ప్రతి చేతిలోనూ సెల్‌ఫోను ఉంది, అరకు రైలుకి అద్దాల పెట్టె ఉంది, నాకు పింఛను కూడా వస్తోంది. అయినా వాటిని నా పడుచు రోజులనే అంటాను. మనిషికి ఒక వయసు, చేసే పనికి ఇంకో వయసు. తూనికలు, కొలతల శాఖలో నేను ముసలిదాన్నై దిగిపోయాను గానీ, వీడియో గేముల మీద సమీక్షలు రాసే పనిలో అప్పటికి పాలపళ్ళు కూడా ఊడని పసిదాన్ని. పసివాళ్ళకుండే ధీమా అంతా నాకుండేది. (ఏ రోజు ఏం జరిగిందో తేదీలతో సహా చెప్పగలను. కానీ మా సంపాదకురాలు "దొడ్డమ్మా, తేదీలూ లెక్కలూ వేశావంటే జనం పేజీ మూసేసి పోతారు" అని ఒట్టు వేయించుకుంది. అందుకని అవి నా దగ్గరే ఉంచుకుంటున్నాను. కావలసినవాళ్ళు ఇంటికొస్తే చెబుతాను.)

సంపాదకురాలంటే మా చెల్లెలి కూతురు. విశాఖపట్నంలో కంప్యూటరు ఉద్యోగం చేస్తూ, తీరిక వేళల్లో స్నేహితులతో కలిసి గేముల గురించి తెలుగులో రాసే ఒక చిన్న సైటు నడిపేది. వాళ్ళ రాతల్లో అచ్చుతప్పులు దిద్దిపెట్టమని అరకులో ఒంటరిగా కూర్చున్న నాకు పంపేది. నేను అచ్చుతప్పుల దగ్గర ఆగితే కదా! "ఈ గేము అద్భుతం అని రాశాడు, సరే. ఎంతసేపు ఆడి రాశాడు? కొనుక్కుని ఆడాడా, కంపెనీవాళ్ళు ఊరికే ఇచ్చారా? ఊరికే ఇస్తే ఆ ముక్క ఎక్కడ రాశాడు?" అని ప్రతి సమీక్ష పక్కనా ప్రశ్నలు పెట్టేదాన్ని. కొన్నాళ్ళు భరించి, "అయితే నియమాలేవో నువ్వే రాసియ్యి, తల్లీ" అంది. రాసిచ్చాను. ఆటను చివరిదాకా ఆడకుండా దాని గురించి రాయకూడదు. ఆట తయారుచేసినవాళ్ళ దగ్గర్నుంచి ఏది పుచ్చుకున్నా సమీక్ష కిందే పాఠకులకు చెప్పాలి. "ఏది పుచ్చుకున్నా" అన్నచోట కింద గీత కూడా గీశాను. ఆ గీతే తర్వాత తాడై నా మెడకి చుట్టుకుంది.

నియమాలు రాసినదాన్ని ఆటలు ఆడకుండా ఎలా ఉంటాను? ఆడటం మొదలుపెట్టాను. మొదట్లో నా వేళ్ళు తెర మీద ఎక్కడెక్కడికో పోయేవి, నా కారు ఎప్పుడూ కాలువలోనే ఉండేది. అయినా ఓపిక పట్టి చివరిదాకా ఆడి, ఎక్కడ తిన్నగా ఉందో ఎక్కడ వంకరగా ఉందో ఉన్నదున్నట్టు రాసేదాన్ని. "తూకం వేసినట్టు రాస్తారండీ" అని ఒకరిద్దరు పాఠకులు మెచ్చుకున్నారు. అంతే, నాకు కళ్ళు నెత్తికెక్కాయి. ఆ సమయంలోనే మా ఏజెన్సీ పిల్ల తయారుచేసిన సంత ఆట నా ఫోనులోకి వచ్చింది.

ఆ పిల్లది హుకుంపేట దాటాక కొండ పక్కన ఒక చిన్న ఊరు. పాడేరులో డిగ్రీ చదివి, పాత కంప్యూటరొకటి సంపాదించి, ఇంట్లో కూర్చుని ఒక్కర్తే ఆ ఆట తయారుచేసింది. మనిషి చిన్నది, మాట ఘాటు. అందుకని నేను 'మిరియం' అని పేరు పెట్టాను. ఆటలో మీరొక కొండ ఊరి మనిషి. పసుపో మిరియాలో రాజ్‌మానో నెత్తిన పెట్టుకుని సంతకి దిగాలి. అక్కడ వర్తకుడు తక్కెడ పట్టుకుని సిద్ధంగా ఉంటాడు. మీ సరుకు తూస్తూ ఎంతో ఆప్యాయంగా పలకరిస్తాడు. "బాగున్నావా? పంటలెలా ఉన్నాయి? మీ అమ్మాయికి జ్వరం తగ్గిందా?" మీరు తలెత్తి జవాబు చెప్పారో, అతని చిటికెన వేలు పళ్ళెం కిందికి పోతుంది. మర్యాద తెలిసినవాళ్ళే మోసపోయే ఆట అది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఈ సంతలన్నీ తిరిగి, దొంగ తూనికరాళ్ళు ఏరి, సరైన వాటికి ముద్రలు కొట్టినదాన్ని. నేను వస్తున్నానంటే పార్వతీపురం బజారులో సగం తక్కెడలు గోనెసంచుల కింద దాక్కునేవి. అలాంటి నన్ను బొమ్మ వర్తకుడొకడు ఆడిన ప్రతిసారీ ముంచేశాడు. కుశలమడిగితే బదులు చెప్పకుండా ఎలా ఉంటాం చెప్పండి!

ఆ పిల్లకి తక్కెడ గురించి ఇంత ఎలా తెలుసో చూద్దామని జీపెక్కి వాళ్ళ ఊరు వెళ్ళాను. మిరియం వాళ్ళమ్మ నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, నేను ఫోనులో ఓడిపోతుంటే భుజం మీదుగా చూసి పకపకా నవ్వింది. ఇంట్లో వాళ్ళు మాట్లాడుకునేది వాళ్ళ భాష. నాతో మాత్రం తెలుగే.

"నోటితో మాటాడమ్మా, కల్లు తక్కిట్లో ఎట్టు. మా అమ్మ నాకదే సెప్పీది, నాను ఈ గుంటకి సెప్పినాను" అంది కూతురి వైపు చూపిస్తూ.

బయల్దేరుతుంటే ఒక గుమ్మడికాయ తెచ్చి నా సంచిలో పెట్టింది. వద్దంటే వినలేదు. "ఇంటికొచ్చిన మనిసి కాళీ సేతుల్తో ఎల్తే ఇంటికి మంచిది కాదు" అంది. తీసుకున్నాను. ఇంటికెళ్ళి పులుసు పెట్టాను. తర్వాత సమీక్ష రాశాను. ఆట చాలా బాగుందనీ, రెండో మెట్టు (లెవెల్ అంటారు) మాత్రం మరీ నెమ్మదిగా నడుస్తోందనీ రాసి, కింద నా నియమం ప్రకారం ఇలా చేర్చాను: "గమనిక: ఈ ఆట తయారుచేసినవారి తల్లి నాకు ఒక గుమ్మడికాయ ఇచ్చారు. పుచ్చుకున్నాను. పులుసు పెట్టాను. బాగుంది."

దేశంలో గేముల గురించి రాసేవాళ్ళు ఎన్నెన్ని పుచ్చుకుంటారో నాకు తెలీదు. పుచ్చుకున్నానని రాసినదాన్ని నేను. కాబట్టి దొరికినదాన్నీ నేనే. 'నిష్పక్షపాతి' అన్న పేరుతో గేముల వీడియోలు చేసే ఒకడు ఆ గమనికను పెద్దక్షరాల్లో చూపించి, "తెలుగు గేమింగ్ జర్నలిజంలో నీతి ఎక్కడుంది?" అని సుదీర్ఘమైన వీడియో పెట్టాడు. నన్ను పేరుతో కాదు, 'ఆ ముసలావిడ' అన్నాడు. ఇంక చూసుకోండి. "గుమ్మడికాయకే ఇంత పొగిడితే, పనసకాయ ఇస్తే పురాణం రాసేది." "గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టుంది." "పసుపు అమ్ముకోవడం కూడా గేమేనా? తుపాకీ ఏది?" "ఆడాళ్ళు గేములు చేస్తే ఇంతే, రేపు అంట్లు తోమే గేము వస్తాది." నా పెన్షన్ కార్డు మీది ఫోటోని ఎక్కడో పట్టుకుని, తల స్థానంలో గుమ్మడికాయ పెట్టి పంచుకున్నారు. (నిజం చెప్పొద్దూ, కాయ నిగనిగలాడుతూ అసలు ముఖం కంటే బాగుంది.)

నేను ఊరుకోలేదు. ప్రతి ఒక్కరికీ జవాబు చెప్పడం సభ్యత కదా అని కూర్చుని రాయడం మొదలుపెట్టాను. "హల్వా చేసుకుని మింగావా?" అని ఒకడడిగితే, "హల్వా కాదు బాబూ, పులుసు. కొంచెం బెల్లం వేశాను" అని రాశాను. వెంటనే ఫోను మోగింది.

"దొడ్డమ్మా! నీకు దణ్ణం పెడతాను, జవాబులు చెప్పకు!"

"అడిగితే చెప్పొద్దూ?"

"వాళ్ళు తెలుసుకోడానికి అడగట్లేదు. చాలా ఏళ్ళ క్రితం అమెరికాలో ఇలాంటిదే జరిగింది. గేము చేసిన ఒకమ్మాయి మీద పుకారు పుట్టించి, మేం అడిగేది రాసేవాళ్ళ నీతి గురించేనన్నారు. ఆ పేరు చెప్పి ఆడవాళ్ళ వెంటపడి బెదిరించారు. కొందరు ప్రాణభయంతో ఇళ్ళు వదిలి వెళ్ళాల్సొచ్చింది."

"నీతి గురించి అడగటం తప్పు కాదే."

"అడగటం తప్పు కాదు. ఎవర్నడుగుతున్నారో చూడు. మొన్న ఒక పెద్ద గేముల కంపెనీ ఈ నిష్పక్షపాతి లాంటివాళ్ళందరికీ ఫోన్లు పంచినప్పుడు ఒక్కడూ అడగలేదు. గుమ్మడికాయ దగ్గర అడుగుతున్నారు."

ఆ మాట నిజమే. అయితే నా మాటా నిజమే. ప్రశ్న సరైనది, దాన్ని తూస్తున్న తక్కెడ సరైనది కాదు. నన్నే తిట్టినన్నాళ్ళూ నాకు పెద్దగా బాధ లేదు. సంతల్లో నేను పడని తిట్టా? కానీ రెండు రోజులు తిరక్కుండానే గాలి మిరియం మీదికి తిరిగింది. ఈవిడకి గుమ్మడికాయ ఇచ్చింది, మిగతావాళ్ళకి ఏమేం ఇచ్చిందో అని మొదలుపెట్టి, ఇక్కడ రాయకూడని మాటలు రాశారు. ఆటని ఫోనులోకి దించుకోనివాళ్ళు కూడా వెళ్ళి ఒక్కో స్టారు ఇచ్చొచ్చారు. అప్పుడు మిరియం ఫోను చేసింది.

"మేడమ్, స్టాలు ఆపీసినారు."

విశాఖలో కొత్త గేముల ప్రదర్శన ఒకటి జరగబోతోంది. అందులో మిరియానికి ఒక బల్ల ఇస్తామన్నారు. ఆ బల్ల దగ్గరికి గేములకి పెట్టుబడి పెట్టేవాళ్ళు వస్తారు, చూస్తారు, ఎవరో ఒకరు చెయ్యందిస్తారు అని పిల్ల ఆశ. ఇప్పుడేమో నిర్వాహకులు "ఈ గొడవ తేలనీ, అప్పుడు చూద్దాం" అన్నారట.

"మావయ్య విశాఖలో బట్టలషాపులో నా పనికి మాటాడీసినాడు. స్టాలుంటే ఆగుతానన్నాడు. లేకపోతే వెళ్ళిపోవాలి. అమ్మ ఎందుకాపీసినారే అంటోంది. ఏటి చెప్పను మేడమ్? నువ్వు గుమ్మడికాయ ఇచ్చినందుకు అని చెప్పనా?"

మాట ఘాటుగా ఉండే పిల్ల, ఆ ప్రశ్న మాత్రం చాలా మెల్లగా అడిగింది. నాకు ఒళ్ళు మండింది. తూకం తప్పినచోట సరిచేయడం నాకు చేతనైన విద్య. పుచ్చుకున్నది తిరిగి ఇచ్చేస్తే ముల్లు సున్నాకి వస్తుంది, నోళ్ళు మూతపడతాయి. ఇంత తేలికైన సంగతి ఎవరికీ తట్టలేదే అని నన్ను నేనే మెచ్చుకుంటూ, అరకు సంతలో సరిగ్గా అంతే బరువున్న గుమ్మడికాయ ఎంచి కొని, జీపెక్కాను.

"ఏటమ్మా! మా కాయ కుల్లిపోనాదేటి?" అంది మిరియం వాళ్ళమ్మ.

"లేదమ్మా, బాగుంది. తినేశాను. ఇది దానికి బదులు."

ఆవిడ కాయని చూసింది, నన్ను చూసింది. నేనేదో సరదా పడ్డాననుకుని నవ్వి లోపల పెట్టుకుంది. నా గుండె బరువు దిగింది. కాఫీ కూడా తాగకుండా లేచాను. (కాఫీ కూడా పుచ్చుకోవడమే కదా.) ఇంతలో ఆవిడ పెరట్లోకి పోయి ఒక కోడిపెట్ట కాళ్ళు కట్టి తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఇదేంటి!"

"కాయ ఒట్టుకొచ్చిన మనిసివి, కాళీగా ఎలాగెల్తావు?"

"వద్దమ్మా, పుచ్చుకుంటే నేను మళ్ళీ రాయాలి."

"రాసుకో. కోడి సదువుకోదులే."

జీపు కదిలిపోతోంది, డ్రైవరు హారను కొడుతున్నాడు, కోడి నా చంకలో ఉంది. ఆ రోజు సైటులో ఇలా వేశాం: "సవరణ: గుమ్మడికాయ తిరిగి ఇవ్వడమైనది. ఆ సందర్భంలో ఒక కోడిపెట్ట పుచ్చుకోవలసి వచ్చింది." దాని కింద వచ్చిన వ్యాఖ్యలు చదివి మా సంపాదకురాలు నవ్వాలో ఏడవాలో తెలీక రెండూ చేసింది. నేను మాత్రం చలించలేదు. కోడినీ ఇచ్చేస్తే సరి! అయితే జీపు దొరికేలోపు కోడి గుడ్డు పెట్టింది. గుడ్డు ఎవరిది? కోడి వాళ్ళదైతే గుడ్డూ వాళ్ళదే. దాణా నాది కాబట్టి కొంత వాదన ఉంది గానీ, ఇలాంటి వేళ వాదనకి పోకూడదని గుడ్డు పగలకుండా దూదిలో చుట్టి, కోడితో సహా పట్టుకెళ్ళాను. గుడ్డు సంగతి కూడా సవరణలో రాశాను.

ఈసారి ఆవిడ నవ్వలేదు. కోడిని చూసి, గుడ్డుని చూసి, ముఖం చిన్నబుచ్చుకుంది.

"మా ఇల్లు అంత సేదయిపోనాదా నీకు? కోడి నచ్చనేదంటే సెప్పొచ్చు గదా" అని లోపలికెళ్ళి తేనె సీసా, దాని మీద ఆనపకాయ, దాని మీద చింతపండు పట్టుకొచ్చింది. మిరియం నన్ను పక్కకి తీసుకెళ్ళింది.

"మేడమ్, మీరు తిరిగిచ్చిన ప్రతిసారీ, ఇచ్చింది తక్కువైపోనాదని అమ్మ అనుకుంటంది. దయచేసి ఇంక రాకండి. మా పెరట్లో ఇంకేటీ మిగల్లేదు."

తేనె సీసా ఒళ్ళో పెట్టుకుని జీపులో కూర్చుంటే అర్థమైంది. నా లెక్క నాకు సరైనదే, కానీ ఆ ఇంట్లో ముల్లు సున్నా దగ్గర నిలబడటం మర్యాద కాదు. ఇచ్చిపుచ్చుకోవడం ఎప్పుడూ ఎటో ఒకవైపు మొగ్గి ఉండాలి. అప్పుడే మనిషి మళ్ళీ వస్తాడు. ఈ సంగతి ఇక్కడ తాతలనాటి నుంచీ అందరికీ తెలుసు. ఉద్యోగమంతా ఇక్కడే చేసిన నాకు తెలీలేదు, ఎందుకంటే ఇన్‌స్పెక్టరమ్మకి ఎవరూ గుమ్మడికాయ ఇవ్వరు.

తెలిశాక మాత్రం నేను ఆలస్యం చేయలేదు. మూడో సవరణ ఇలా రాశాను: "తేనె, ఆనపకాయ, చింతపండు పుచ్చుకున్నాను. ఇకమీదట తిరిగి ఇవ్వను. నిష్పక్షపాతిగారికి ఆహ్వానం. మీరు స్వయంగా వచ్చి, ఆ ఊరు చూసి, అరకు రైల్వే స్టేషను దాకా ఖాళీ చేతులతో తిరిగి రండి. రాగలిగితే నా సమీక్ష తీసేస్తాను, ఇంకెప్పుడూ రాయను. రాలేకపోతే, మీరేం పుచ్చుకున్నారో మీ వీడియో కింద రాయాలి." సంపాదకురాలు గోల పెట్టింది. "వాడు గెలిస్తే ఆ అమ్మాయి నిజంగానే లంచం ఇచ్చినట్టవుతుంది, దొడ్డమ్మా! స్టాలు సంగతి అంతే!" నాకు భయం లేకపోలేదు. కానీ వాడి పట్టుదల నేను చూడలేదు, మిరియం వాళ్ళమ్మ పట్టుదల చూశాను.

వచ్చాడు. పార్వతీపురం నుంచి మోటారుసైకిలు మీద, హెల్మెట్‌కి కెమెరా తగిలించుకుని, లైవ్ పెట్టుకుంటూ మరీ వచ్చాడు. తెర మీద పులిలా గాండ్రించినవాడు, ఎదురుగా చూస్తే గడ్డం కూడా పూర్తిగా రాని పిల్లాడు. "నమస్తే మేడమ్" అన్నాడు. 'ఆ ముసలావిడ' ఎక్కడికి పోయిందో మరి! నీళ్ళసీసా వెంట తెచ్చుకున్నాడు. అరుగు మీద కూర్చోమంటే నిలబడ్డాడు. కాఫీ వద్దన్నాడు, జామకాయ వద్దన్నాడు. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని ధ్వజస్తంభంలా నిలబడ్డాడు. మిరియం సూటిగా వెళ్ళి ఎదురుగా నిలుచుంది.

"ఒక స్టారు ఇచ్చారు. ఎక్కడ బాగోలేదో చెప్పండి, సరిచేసుకుంటాను."

"అంటే... మొత్తంగా..."

"ఏ మెట్టులో?"

అతను కోళ్ళ వంక చూశాడు.

"ఆడారా, లేదా?"

"వీడియో అయ్యాక ఆడదామని..." అన్నాడు. లైవ్‌లో వేలమంది చూస్తున్నారని అప్పుడు గుర్తొచ్చినట్టుంది, కెమెరా వైపు చెయ్యి పోయి మళ్ళీ జేబులోకి వచ్చేసింది. మిరియం తన ఫోను ముందుకి చాచింది. తీసుకోవడం పుచ్చుకోవడం అవుతుందా అని నా వంక చూశాడు. "ఆడటానికే బాబూ, ఉంచుకోడానికి కాదు" అన్నాను. ఆడాడు. బొమ్మ వర్తకుడు "ఏ ఊరు బాబూ? అమ్మా నాన్నా బాగున్నారా?" అని అడిగాడు. కుర్రాడు మర్యాదస్తుడి బిడ్డ, 'బాగున్నారండీ' అని నొక్కాడు. పసుపు పోయింది. మళ్ళీ ఆడాడు. మిరియాలు పోయాయి. ఎప్పుడు కూర్చున్నాడో తెలీదు, అరుగు మీద కూర్చుని నాలుక బయటపెట్టి ఆడుతున్నాడు. వెనక నుంచి మిరియం వాళ్ళమ్మ మెల్లగా అడిగింది.

"బాబూ, నా గుంట ఏటి తప్పు సేసినాది?"

"మీ అమ్మాయి గురించి కాదండీ. పద్ధతి గురించి."

"పద్దతా? ఇంటికొచ్చినోల్లకి ఎట్టడం మా పద్దతి. మీ పద్దతేటి?"

పిల్లాడు ఫోను లోంచి తల ఎత్తాడు. తెర మీద వర్తకుడు అతని రాజ్‌మా కూడా ఊడ్చేశాడు. ఆ లైవ్‌లో అది స్పష్టంగా కనబడుతుంది. (నాకు తెలుసు, తర్వాత చాలాసార్లు చూశాను.)

బయల్దేరేటప్పుడు మాత్రం మళ్ళీ చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. మిరియం వాళ్ళమ్మ బలవంతం చేయలేదు. పందెం పోయిందనుకున్నాను. "ఒద్దంటే ఒద్దులే బాబూ. మరి అరకే ఎల్తన్నావు గదా, టేసను కాడ నా సెల్లెలు మొక్కజొన్న పొత్తులు కాలుత్తాది. ఈ మూట దానికిచ్చీ. బేగి ఇచ్చీయాల, పచ్చిమిరపకాయలు" అంది. ఇతరుల మూట మోయడం పుచ్చుకోవడం కాదు కదా. సరేనన్నాడు. నేను వెనకే జీపులో వెళ్ళాను.

స్టేషను దగ్గర చెల్లెలు మూట అందుకుంది, మనిషిని ఎగాదిగా చూసింది, వెనక బుట్టలోంచి పనసకాయ తీసి అతని బండికి తాడేసి కట్టడం మొదలుపెట్టింది.

"వద్దండీ! నేను ఏమీ తీసుకోకూడదు!"

"ఎవులు సెప్పినారు? మా అక్క పంపిన మనిసివి కాళీగా ఎల్తావా? పోనీ, మూట మోసినావు, కూలీ అనుకో."

కుర్రాడి ముఖం వెలిగింది. "కూలి అయితే బహుమతి కాదు కదా, మేడమ్?"

"కాదు" అన్నాను. "ఆట చేసినమ్మాయి పిన్ని దగ్గర కూలి పుచ్చుకున్నానని రాసుకో. ఇంకా బాగుంటుంది."

ఈలోగా ముడి పడిపోయింది. ఈ కొండల్లో వేసిన ముడి విప్పడం పార్వతీపురం వేళ్ళ వల్ల కాదు.

ఆ సాయంత్రం అతని వీడియో కింద ఇలా ఉంది: "గమనిక: నాకు ఒక పనసకాయ ముట్టింది. ఆట చివరిదాకా ఆడాను. ఆడకుండా మాట్లాడినందుకు ఆ అమ్మాయికి క్షమాపణ. రెండో మెట్టు నెమ్మదిగా ఉంది. మూడు స్టార్లు." (నాలుగు ఇవ్వాల్సింది. నేను ఇప్పటికీ ఒప్పుకోను.) నిన్నటిదాకా 'అన్నా' అన్నవాళ్ళే అతన్ని 'పనసన్నా, ఎంతకి అమ్ముడుపోయావు' అన్నారు. రాయకూడని మాటలు రాసినవాళ్ళలో ఎక్కువమంది ఏ క్షమాపణా చెప్పకుండా ఇంకో గొడవకి తరలిపోయారు. అయితే ఆ లైవ్ చూసి నవ్వుకున్నవాళ్ళు చాలామంది ఆట దించుకున్నారు, ఆడారు, ఓడిపోయారు. నిర్వాహకులు మిరియానికి ఫోను చేసి, తాగునీళ్ళ డబ్బా పక్కన ఒక మూల బల్ల ఉంది, వస్తావా అన్నారు. బట్టలషాపు వాళ్ళకి మావయ్య ఏదో సర్దిచెప్పుకున్నాడు.

ప్రదర్శన రోజున నేనూ విశాఖ వెళ్ళాను. కానీ సమీక్ష రాసినదాన్ని ఆ బల్ల దగ్గర కనబడితే మళ్ళీ ఎవడేమంటాడో! అందుకని పిల్లకి చెప్పకుండా, హాలుకి అవతలి చివర ఒక స్తంభం వెనక నిలబడ్డాను. ఉదయం నుంచీ అక్కడే ఉన్నాను. మిరియం బల్ల చుట్టూ కాలేజీ పిల్లలు మూగారు. ఒకడు ఓడిపోతే పదిమంది గోల. "తలెత్తకురా! జవాబు చెప్పకురా!" అని కేకలు. నెక్‌టై కట్టుకున్న, పెట్టుబడి పెట్టేవాడిలా ఉన్న ఒకాయన కూడా ఆగాడు, ఆడాడు, బొమ్మ వర్తకుడికి తన క్షేమసమాచారాలన్నీ చెప్పుకుని నిండా మునిగాడు, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మిరియం అతనికి ఏదో చేతులు తిప్పుతూ చెబుతోంది. నాకు ఒక్క ముక్కా వినబడటం లేదు. కాళ్ళు లాగేస్తున్నాయి. ఓ సెక్యూరిటీ అతను వచ్చి "ఎవరికోసమమ్మా, దాక్కున్నారు?" అని అనుమానంగా అడిగితే, "నిష్పక్షపాతంగా ఉన్నాను నాయనా" అన్నాను. అతను ఇంకా అనుమానంగా చూశాడు.

అంతలో ఎవరో నా మోచెయ్యి పట్టుకున్నారు. మిరియం వాళ్ళమ్మ. కొత్త చీర కట్టుకుని, కొండ దిగి కూతురితో వచ్చింది.

"ఇక్కడేటి సేత్తన్నావు? బల్ల కాడికి రావేటి?"

"రాకూడదమ్మా. నేను రాసినదాన్ని."

"రాసినదానివే గదా, సూడవా?" అంది. నేను కదలకపోయేసరికి కాసేపు ఆలోచించి, తన రెండు చేతులూ నా ముందు చాపి చూపించింది. "ఇదిగో, ఏటీ తేనేదు. నీకేటీ ఎట్టను. రా."

వెళ్ళాను. ఆ తర్వాత మిరియం ఆటల మీద నేనెప్పుడూ ఒక్క వాక్యం రాయలేదు. రాయడానికి అర్హత పోయిందని సైటులో స్వయంగా ప్రకటించుకున్నాను కూడా. ఆ నియమాలు ఇప్పటికీ మార్చలేదు, మార్చను, అవి సరైనవే. కానీ ఎప్పుడైనా ఆ రోజు గుర్తొస్తే, పిల్ల బల్ల దగ్గర అంత సంబరం జరుగుతుంటే తన నీతికి ఏ మచ్చా రాకూడదని పొద్దుటినుంచీ స్తంభం వెనక ఒంటికాలి మీద నిలబడ్డ ఆ కొత్త సమీక్షకురాలు కళ్ళ ముందుకొస్తుంది. అయ్యో, ఎంత చిన్నతనం అనిపిస్తుంది. వెళ్ళి దాని చెవిలో, కాళ్ళు నొప్పెడతాయే, కూర్చో పిల్లా అని చెప్పాలనిపిస్తుంది.